ముప్ఫై ఏడో దర్శనీయం

మా జలపర్యాటక వికాస సంచాలక కార్యాలయానికి ఆడిట్ వారు పంపిన అభ్యంతరం పొడవైనదేమీ కాదు. అంతకుముందు ఏడాది ఒక మంచుదేశానికి అధ్యయన యాత్ర వెళ్ళొచ్చిన మా బృందం అక్కడి దర్శనీయ స్థలాలను చూసినట్టు ఆధారాలు లేవన్నారు. మేం నూట నలభై ఫోటోలు పంపాం. వాటిని పరిశీలించి ఆడిట్ వారు ఇలా రాశారు: "ప్రతి ఫోటోలోనూ అధికారులు ఆయా స్థలాలకు వీపు పెట్టి నిలబడి ఉన్నారు. కావున చూసినట్టుగా పరిగణించడానికి వీలులేదు."

అందులో తప్పు పట్టడానికేమీ లేదు. మంచుకొండ ముందు నిలబడ్డ ఆరుగురిలో ఒక్కరి ముఖం కూడా కొండవైపు లేదు.

దాంతో చూడటమంటే ఏమిటో తేల్చడానికి ఒక కమిటీ వేశారు. కమిటీ మూడు నెలలు కూర్చుంది. ఒక వస్తువును ఐదు నిమిషాలు చూస్తే చాలునని సగం మంది, పది నిమిషాలు చూడాలని సగం మంది పట్టుబట్టారు. రెండూ కలిపి సగం చేస్తే ఏడున్నర వచ్చింది. ఆ అర నిమిషం రెప్పపాట్లకు మినహాయించి, ఏడు నిమిషాలుగా ఖాయం చేశారు. తరవాత నమూనా తొమ్మిది అనే ఫారం పుట్టింది. అందులో దర్శనీయం పేరు, వివరాలు రాయాలి. అది ప్రదేశమా, కట్టడమా, ప్రాణియా, అనుభవమా తేల్చి వర్తించనివి కొట్టెయ్యాలి. కింద ఇలా అచ్చువేసి ఉంటుంది: "పైన తెలిపినదానిని మేము స్వయంగా, ప్రత్యక్షంగా, రెండు కళ్ళతో, ఏడు నిమిషాలకు తగ్గకుండా చూశాము. అది యథాస్థానంలో, యథాస్థితిలో ఉన్నదని ధ్రువీకరిస్తున్నాము." ఆ కింద ఇద్దరు గెజిటెడ్ అధికారుల సంతకాలు, కార్యాలయపు గుండ్రటి ముద్ర.

ఈ ఫారంతో వెళ్ళిన మొదటి యాత్ర మాదే. గోదావరి లంకల్లో ఒకదాన్ని మధ్యధరా సముద్రపు దీవిలా తీర్చిదిద్దాలని పైవారికి తోచింది. అందుకు ముందు అసలు దీవిని చూసి రావాలి గనక కలారియా అనే చిన్న దీవిని ఎంపిక చేశారు. ఎవరో ఒక ప్రయాణాల పత్రికలో "కలారియాలో చూడవలసినవి, చేయవలసినవి ముప్ఫై ఏడు" అన్న జాబితా చదివారట. ఆ జాబితాను జిరాక్స్ తీసి ఉత్తర్వుకు జత చేశారు. ముప్ఫై ఏడూ పూర్తిచేయాలి. ఏ ఒక్కటి తగ్గినా యాత్రాకాలం మొత్తాన్ని అనధికార గైర్హాజరుగా లెక్కిస్తామని చివర హెచ్చరించారు.

బృందానికి నాయకులు సంయుక్త సంచాలకులు పరాంకుశం గారు. రెండో సంతకం మూల్యాంకన విభాగపు ఉపసంచాలకురాలు ఇందుమౌళి గారిది. మూడోవాణ్ణి నేను, సీనియర్ అసిస్టెంట్ అచ్యుతాన్ని. నాకు సంతకం చేసే అర్హత లేదు. కాని ముద్ర నా బీరువాలో ఉంటుంది. ముద్ర కార్యాలయం దాటితే దాని వెంట బాధ్యుడైన ఉద్యోగి ఉండాలన్నది పాత నిబంధన. కాబట్టి నిజానికి మధ్యధరాకు వెళ్ళింది ముద్ర. నేను దాని వెంట వెళ్ళాను.

విమానాలు రెండు మారి, ఒక ఓడెక్కి కలారియా రేవులో దిగేసరికి పొద్దున పది దాటింది. ఓడ నాలుగు రోజులకోసారి వస్తుంది. కొండవాలు మీద తెల్లటి ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టున్నాయి. మాకు గదులిచ్చింది కత్తీనా అనే ముసలావిడ. తొంభై ఒకటో ఏడు, చక్రాల కుర్చీలో ఉంది. ఆ కుర్చీని తోసుకుంటూ గుమ్మంలోకొచ్చిన మనిషిని చూసి నేను సంచి కింద పెట్టేశాను. ఆవిడ వేసుకున్నది గౌనే గాని, తల దువ్వుకున్న తీరు, జడ చివర రబ్బరుబ్యాండు, అన్నీ మన పక్కవే.

"తెలుగోళ్ళేనాండీ?" అందావిడ.

ఆమె పేరు నల్లి సువార్త. గోదావరి పాయల మధ్య ఒక లంకలో ఊరు. ముసలావిణ్ణి కనిపెట్టుకుని ఉండే పనిమీద వచ్చి ఏడేళ్ళయింది. దీవి భాష ధారాళంగా వచ్చు. ముసలావిణ్ణి "మామ్మా" అని పిలుస్తుంది; ఆవిడా పలుకుతుంది. మాకు దుబాసీ దొరికిందని పరాంకుశం గారు అక్కడికక్కడే తాత్కాలిక ప్రాతిపదికన నియామకపు ఉత్తర్వు చెప్పి నాచేత రాయించారు.

"నేనొస్తానండి. కాపోతే మామ్మని ఒగ్గేసి రాకూడదండి. మామ్మ కూడా రావాలి," అంది సువార్త.

ఇందుమౌళి గారు ఉత్తర్వు మళ్ళీ చదివి, "బృందంలో చక్రాల కుర్చీని నిషేధించే నిబంధన ఏదీ కనబడటం లేదు," అన్నారు. ఆ విధంగా కలారియా దీవిని మేం ఐదుగురం చూశాం.

మొదటిది లైట్‌హౌస్. దాని ఎదుట పరాంకుశం గారు, ఇందుమౌళి గారు పక్కపక్కనే నిలబడి చేతి గడియారాలు చూసుకోవడం మొదలుపెట్టారు. నాలుగో నిమిషంలో ఇందుమౌళి గారికి సందేహం వచ్చింది.

"సార్, మనం గడియారం చూస్తున్నాం. లైట్‌హౌస్‌ను చూడటం లేదు."

పరాంకుశం గారు ఉలిక్కిపడ్డారు. "అయితే ఇంతవరకు చూసింది రద్దు. మొదటి నుంచి చూద్దాం. అచ్యుతం, నువ్వు గడియారం చూడు. మేం లైట్‌హౌస్ చూస్తాం."

అప్పట్నుంచి దీవిలో ఎక్కడికెళ్ళినా నేను చూసింది నా గడియారాన్నే. లైట్‌హౌస్ ఎలా ఉంటుందని తరవాత మా ఇంట్లో అడిగితే ఏడు నిమిషాలుంటుందని చెప్పాను.

కొండమీది మఠం, గాలిమరలు, చేపల రేవు, తీగల మీద బట్టల్లా ఆరేసిన ఆక్టోపస్‌లు వరసగా అయ్యాయి. నీలిగుహ దగ్గర చిక్కొచ్చింది. పడవ లోపలికెళ్ళాక అల పోటెత్తేలోగా ఐదు నిమిషాల్లో బయటికొచ్చెయ్యాలట. రెండుసార్లు వెళ్ళి, రెండోసారి చూసినదాంట్లోంచి రెండు నిమిషాలు తీసి మొదటిదానికి జమ చేయవచ్చునని ఇందుమౌళి గారు తేల్చారు. జాలర్లు ముసలావిణ్ణి కుర్చీతో సహా ఎత్తి పడవలో పెట్టారు. లోపల నీళ్ళు కింద దీపాలు వెలిగించినట్టున్నాయని తరవాత సువార్త చెబితే తెలిసింది. నేను గడియారం మీంచి తలెత్తినప్పుడు మాత్రం ఆమె ముఖం కనబడింది. నీలంగా ఉంది. నోరు తెరుచుకుని చూస్తోంది.

"ఏడేళ్ళ నుంచి ఈ నీళ్ళ పక్కనే ఉంటన్నానండి," అంది బయటికొచ్చాక. "ఇల్లు, మందుల షాపు, ఆదివారం చర్చి. ఇంకో పక్కకి ఎల్లిందే లేదండి. ఇంత బాగుంటదని నాకెవరు చెప్తారండి?"

ముసలావిడ ఏదో అంది. సువార్త నవ్వేసింది. "మామ్మ కూడా పెళ్ళయ్యేకా ఇదే రాటమంటండి. అరవయ్యేడేళ్ళయిందంట."

సముద్రంలో ఈదుట అన్నది పదహారోది. పరాంకుశం గారికి ఈత రాదు. జానెడు లోతు నీళ్ళలో బోర్లా పడుకుని చేతులు కదిపితే ఈతగానే భావించాలని ఇందుమౌళి గారు అభిప్రాయపడ్డారు. ఆయన పంచె ఎగ్గట్టి ఏడు నిమిషాలు అలాగే పడుకుని చేతులు కదిపారు. ఊళ్ళో వాళ్ళు కొంతమంది గట్టుమీద చేరి చప్పట్లు కొట్టారు.

రెండోరోజు మధ్యాహ్నం ఇరవై ఒకటోది: ఆలివ్ చెట్టు నీడన ఏమీ చేయకుండా కూర్చొనుట. ఇది మా శాఖకు కొత్త కాదు గనక పెద్దలిద్దరూ సులువుగా కుదురుకున్నారు. ముసలావిడ కుర్చీలో కునుకు తీసింది. అప్పుడు సువార్త గౌను జేబులోంచి మడతలు పెట్టిన కాగితం ఒకటి తీసి పరాంకుశం గారికిచ్చింది.

"సార్, మీరిద్దరూ గెజిటెడ్ ఆఫీసర్లంట కదండీ. దీనిమీద ఒక్క మాట రాసి సంతకాలెట్టాలండి."

అది ఆమె ఊరి మండల కార్యాలయం పంపిన నోటీసు. పరాంకుశం గారు కళ్ళజోడు సర్దుకుని పైకే చదివారు. "సదరు నల్లి సువార్త వరుసగా మూడు సర్వేలలో ప్రత్యక్షంగా కనబడనందున మృతి చెందినట్టు భావించడమైనది. ఆమె పేరిట ఉన్న ఇంటిస్థలం పట్టా రద్దు కాగలదు. అభ్యంతరం ఉన్నచో సదరు మృతురాలు ముప్ఫై రోజుల్లోగా స్వయంగా హాజరై గాని, ఇద్దరు గెజిటెడ్ అధికారులు ప్రత్యక్షంగా చూసినట్టు ఇచ్చిన ధ్రువపత్రం ద్వారా గాని తెలియజేయవలెను."

"పంతొమ్మిది రోజులైపోయిందండి," అంది సువార్త. "ఆ స్థలంలోనే మా అక్క రాహేలు, నా కూతురు కెజియా ఉంటన్నారండి. రేకులేసుకున్నారు. పట్టా పోతే గోదారి గట్టుమీదకి పోవాలండి. పిల్ల తొమ్మిదో క్లాసండి. నేను పోయానని స్కూల్లో దాన్ని అనాథల్లో రాసేశారంట."

"వీడియోలో కనబడి చెప్పలేకపోయారా?" అన్నారు ఇందుమౌళి గారు.

"కనబడ్డానండి. అరగంట మాటాడేను. అక్కడి గుమస్తా గారు, 'వీడియోలో సచ్చిపోయినోళ్ళు కూడా కనబడతారమ్మా, మా నాన్నగారు రోజూ కనబడతారు' అన్నారండి. మన ఎంబసీకి ఎల్దారంటే ఓడ మీద పోయి రాటానికి ఎనిమిది రోజులు. మామ్మని ఎవరు చూస్తారండి? నన్ను పనికి పంపిన ఏజెన్సీ ఓళ్ళు ఒప్పుకోరు."

పరాంకుశం గారు కాగితాన్ని జాగ్రత్తగా మళ్ళీ మడతల ప్రకారమే మడిచారు. ఆయన కఠినుడు కాడు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది.

"చూడమ్మా, మీరు బతికి ఉన్నారన్న విషయంలో వ్యక్తిగతంగా నాకు ఎటువంటి అభ్యంతరమూ లేదు. కాని అధికారికంగా ఈ దీవిలో నేను చూడటానికి అనుమతి పొందినవి ముప్ఫై ఏడు. మీరు ఆ జాబితాలో లేరు. జాబితాలో లేనిదాన్ని చూశానని నేను సంతకం పెడితే, ఇంకేమేం చూశారని రేపు ఆడిట్ వారు అడుగుతారు."

"ఇప్పుడు నన్ను చూస్తన్నారు కదండీ?"

"చూస్తున్నాను. కాని అది సొంత హోదాలో."

ఇందుమౌళి గారు సానుభూతిగా తలాడించారు. "పైగా ఇప్పుడు మేం ఏమీ చేయకుండా కూర్చునే అంశంలో ఉన్నాం. సంతకం పెడితే ఈ అంశం భంగమవుతుంది."

సువార్త కాగితం తీసుకుని జేబులో పెట్టుకుంది. ముసలావిడ కునుకులోంచి లేచి ఏదో అడిగింది. సువార్త చాలాసేపు చెప్పింది. విన్నాక ముసలావిడ మా ముగ్గురినీ వరసగా చూసింది. ఆ చూపు ఏడు నిమిషాల కన్నా తక్కువే గాని, నాకు చాలా పొడుగ్గా అనిపించింది.

"ఏమంటున్నారు?" అన్నాను నెమ్మదిగా.

"ఈళ్ళు రాళ్ళకి సంతకాలెడతన్నారు గాని నీకెట్టరా అంటందండి."

నాకు సంతకం చేసే అర్హత లేదని ముందే చెప్పాను. అర్హత ఉంటే పెట్టి ఉండేవాణ్ణా అని ఆ సాయంత్రం గదిలో కూర్చుని ఆలోచించాను. పెట్టేవాణ్ణని ఖాయంగా చెప్పలేకపోయాను.

మూడోరోజు ఇరవై ఆరోది: పాత ఊరి సందుల్లో దారి తప్పుట. మ్యాపులు, ఫోన్లు నా దగ్గర పెట్టి పెద్దలిద్దరూ సందుల్లోకి వెళ్ళారు. పావుగంటకల్లా తిరిగి చర్చి ముందుకే వచ్చారు. ఎటు వెళ్ళినా సందులన్నీ చర్చి దగ్గరికే తేలుతున్నాయి. మూడుసార్లు ప్రయత్నించారు.

"కళ్ళు మూసుకుని నడుద్దామా?" అన్నారు పరాంకుశం గారు.

"అది బుద్ధిపూర్వకంగా తప్పడమవుతుంది సార్. తప్పడం సహజంగా జరగాలి," అన్నారు ఇందుమౌళి గారు.

నాలుగోసారి పరాంకుశం గారు ఒక పిల్లి వెనకాల వెళ్ళి నిజంగానే దారి తప్పారు. గంట గడిచినా రాలేదు. ఇందుమౌళి గారికి సంతోషమూ, ఆందోళనా ఒకేసారి కలిగాయి. ఇద్దరూ ఒకేచోట తప్పిపోతే తప్ప ఫారం మీద రెండో సంతకం చెల్లదు. అందుకని ఆయన ఎక్కడ తప్పిపోయారో వెతుకుతూ ఆవిడా వెళ్ళారు. ఇక ముద్రతో నేను మిగిలాను. నేను వెళ్ళి వాళ్ళను కనుక్కుంటే వాళ్ళు తప్పిపోయినట్టు కాదు. కనుక్కోకపోతే ముద్ర పడదు. ఈ విషయమై నిబంధనలేమీ లేవు. చర్చి మెట్లమీద కూర్చుండిపోయాను.

ఎండ నెత్తికెక్కింది. చివరికి సువార్తే, కుర్చీని తోసుకుంటూ వెళ్ళి, ఇద్దరినీ ఒక మేకల దొడ్డి వెనకనుంచి పట్టుకొచ్చింది. పరాంకుశం గారి పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఆమె తన సీసాలో నీళ్ళిచ్చింది.

"నిన్న నన్ను చూడనన్నారు గాని, నేను మిమ్మల్ని చూడకపోతే రాత్రి దాకా ఆడే ఉండిపోదురండి," అంది. అందులో ఎత్తిపొడుపేమీ లేదు. ఉన్నదున్నట్టు చెప్పింది.

ఆయన నీళ్ళు తాగి సీసా తిరిగిచ్చారు. ఏదో అనబోయి, నావైపు తిరిగి, "అచ్యుతం, ఫారంలో పొద్దున పదిన్నర నుంచి పూర్వకాల ప్రభావంతో తప్పిపోయినట్టు రాయి," అన్నారు.

సూర్యాస్తమయం ముప్ఫై ఆరోది. మొదటి మూడు సాయంత్రాలూ మబ్బు. సూర్యుడు అస్తమించాడనడానికి ఆధారముంది గాని చూసినట్టు ఆధారం లేదని వదిలేశాం. నాలుగోరోజు ఆకాశం తేటగా ఉంది. మర్నాడు పొద్దున్నే ఓడ. పడమటి కొండకొమ్ముకు బయల్దేరే ముందు నేను పూర్తయిన ఫారాలన్నీ వరసగా పేర్చి చూసుకున్నాను. ముప్ఫై ఐదున్నాయి. సూర్యాస్తమయంతో ముప్ఫై ఆరు. జాబితా చివరి పుట తీశాను. అందులో ముప్ఫై ఆరుతో అయిపోయింది. జిరాక్స్ తీసినప్పుడు అడుగు వరస కాగితం దాటిపోయినట్టుంది. ఓ అరచేతి వెడల్పున అక్షరాల తలకట్లు మాత్రం కనబడుతున్నాయి.

పరాంకుశం గారు తలకట్లను రెండు కళ్ళతో చాలాసేపు చూశారు. "ఇది గుడి కావచ్చు. లేకపోతే గొడుగు."

హెడ్డాఫీసుకు ఫోన్ చేశారు. అసలు జాబితా ఫైల్లో ఉంది, ఫైలు కార్యదర్శి గారి పేషీలో ఉంది, పేషీ ఆవేళ రెండో శనివారంలో ఉంది. ఆ పత్రిక పేజీ కోసం ఫోన్లో వెతికితే మీరడిగిన పేజీ లేదని వచ్చింది.

"ముప్ఫై ఏడోది లేకపోతే మిగతా ముప్ఫై ఆరూ చూడనట్టే," అన్నారు ఇందుమౌళి గారు. ఆవిడ గొంతు మొదటిసారి సన్నబడింది. "నాలుగు రోజులు అనధికార గైర్హాజరు. నాకు వచ్చే నెలలో పదోన్నతి కమిటీ ఉంది సార్."

"ఏదో ఒకటి చూసి పేరు రాద్దామంటే ఇక్కడ చూడనిదేం మిగిలింది?" అన్నారు పరాంకుశం గారు. కిటికీలోంచి దీవి మొత్తం కనబడుతోంది. నిజంగానే దేన్నీ వదల్లేదు.

అవతల వంటింట్లో సువార్త ముసలావిడకు సూప్ తాగిస్తోంది. నేను చెప్పదలుచుకున్నది రెండుసార్లు మనసులో అనుకున్నాను. ఇరవై రెండేళ్ళ సర్వీసులో అడగకుండా నేను సలహా ఇచ్చింది లేదు.

"సార్, ఆఖరి వరస తెగిపోయిందని తెలుసు గాని, అందులో ఏముందో ఎవరికీ తెలీదు. అందులో నల్లి సువార్త ఉండకూడదని కూడా ఎక్కడా లేదు."

పరాంకుశం గారు ఇందుమౌళి గారిని చూశారు. ఆవిడ నమూనా తొమ్మిది తీసి ముందూ వెనకా చదివారు.

"మనిషి దర్శనీయమవుతుందా?" అన్నారు ఆయన.

"ప్రదేశం కాదు. కట్టడం కాదు. అనుభవం అనలేం. ప్రాణి అన్న గడిలో పడుతుంది సార్." ఆవిడ కలం తీశారు. "కాని ప్రాణి అని రాయాలంటే ప్రాణం ఉన్నట్టు బృందం నిర్ధారించుకోవాలి. మండల కార్యాలయం వారి అభిప్రాయం అందుకు విరుద్ధంగా ఉంది."

పరాంకుశం గారు లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్ళారు. సువార్త చెంచా ఊది చల్లార్చి ముసలావిడ నోటికి అందిస్తోంది. ఆయన కొంతసేపు నిలబడి తిరిగొచ్చారు.

"ఉంది," అన్నారు.

సూర్యాస్తమయం ముప్ఫై ఆరోది గనక ముందది కానిచ్చాం. కొండకొమ్ము మీద సూర్యుడు సముద్రంలోకి దిగుతుంటే ఏడు నిమిషాలు చూశారు. ముద్ర వేశాను. ఇంకా వెలుతురుంది. కుర్చీ పక్కన నిలబడ్డ సువార్తకు పరాంకుశం గారు సంగతి చెప్పారు. ఆమెకు మొదట అర్థం కాలేదు.

"నన్ను చూస్తారాండీ? ఏడు నిమిషాలా?"

"తగ్గకూడదమ్మా. ఫారంలో అలా ఉంది."

"చూసేకా సంతకాలెడతారాండీ?"

"పెడతాం."

ఆమె జుట్టు సర్దుకుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక ముందు కట్టుకుని, తరవాత వదిలేసి, చివరికి కుర్చీ పిడి పట్టుకుంది. అధికారులిద్దరూ ఎదురుగా నిలబడ్డారు. నేను గడియారం తీశాను.

మొదటి నిమిషంలో ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకోబోతే ఇంకా వచ్చింది. రెండో నిమిషంలో తగ్గింది. మూడో నిమిషంలో ఇందుమౌళి గారి చూపు ఆమె మణికట్టు మీది పాత కాలిన మచ్చ దగ్గర ఆగింది. తరవాత చెప్పు దగ్గరికి వెళ్ళింది. తెగిన చెప్పు పట్టీని సువార్త తీగతో బిగించుకుంది. నాలుగు రోజులుగా ఆ చెప్పుతోనే మా ముందు నడిచిందని నాకప్పుడు తట్టింది. నేను గడియారం చూడవలసినవాణ్ణి. ఆ ఏడు నిమిషాల్లో నాలుగు నిమిషాలు చూడలేదు.

ఐదో నిమిషంలో పరాంకుశం గారు, "భోజనం చేశావామ్మా?" అన్నారు.

చూసేటప్పుడు మాట్లాడకూడదని ఎక్కడా లేదు గనక ఇందుమౌళి గారు ఊరుకున్నారు.

"చేశానండి," అంది సువార్త. కళ్ళు తుడుచుకుంది. "గాలండి," అని కూడా అంది.

ముసలావిడ ఏదో గొణిగింది. ఏమందని నేను కళ్ళతోనే అడిగాను.

"ఏడేళ్ళ నుంచి నేను చూస్తానే ఉన్నాను, నాకెవరూ కాగితం ఇవ్వలేదు అంటందండి."

ఇందుమౌళి గారు పేరు, వయసు, ఊరు, మండలం, తండ్రి పేరు, పట్టా నంబరు అన్నీ దర్శనీయపు వివరాల కింద స్వహస్తాలతో రాశారు. ప్రదేశం, కట్టడం, అనుభవం కొట్టేశారు. రెండు ప్రతుల మీదా ఇద్దరూ సంతకాలు పెట్టారు. కొండమీది గాలికి ఫారం ఎగిరిపోకుండా ముసలావిడ తన రెండు చేతులతో ఒడిలో అదిమి పట్టుకుంది. నేను ముద్ర వేశాను. నా సర్వీసులో అంత నిటారుగా ఎప్పుడూ పడలేదు. ఒక ప్రతిని సువార్త చేతికిచ్చాను. ఆమె చదువుకుంటూ "యథాస్థితిలో ఉన్నదని" అన్నచోట వేలు పెట్టి ఆగింది.

"అంటే బానే ఉన్నానని కదండీ?"

"ఉన్నావని," అన్నాను.

అక్కడే ఫోనుతో ఫోటో తీసి రాహేలుకు పంపింది. మర్నాడు ఓడెక్కేటప్పుడు ఆ ప్రతిని ఆమె దగ్గర తీసుకుని, ఇంటికొచ్చిన రోజే రిజిస్టర్డ్ పోస్టులో మండల కార్యాలయానికి వేశాను. గడువుకు ఇంకా మూడు రోజులున్నాయి.

మా యాత్రకు ఆడిట్ అభ్యంతరాలు ఒక్కటీ రాలేదు. ముప్ఫై ఏడూ చూసినట్టు అంగీకరిస్తూ, ఈ విధానాన్ని ఇతర శాఖలు ఆదర్శంగా తీసుకోవాలని రాశారు. మేం సమర్పించిన నివేదికలో ఒక సిఫార్సు ఆమోదం పొందింది: ఇకముందు జాబితాలను పెద్ద కాగితం మీద జిరాక్స్ తీయాలి. లంకను దీవిగా మార్చే సంగతి పరిశీలనలో ఉంది. ఇందుమౌళి గారికి పదోన్నతి వచ్చింది. కలారియాకు రెండో బృందాన్ని పంపుతూ ఈసారి జాబితా శుభ్రంగా టైపు చేయించారు. అందులో ముప్ఫై ఏడోది "నల్లి సువార్త (ప్రాణి)" అని ఉంది. వాళ్ళు వెళ్ళి చూసొచ్చారు. యథాస్థానంలోనే ఉన్నదట.

ఆ రెండో బృందం కన్నా ముందే, మేమొచ్చిన నెలకు, సువార్త నాకు ఫోన్ చేసింది. మండల కార్యాలయంలో ఆ ఫారం చూసి మొదట తికమక పడ్డారట. ఇది తమ నమూనా కాదన్నారట. కాని గెజిటెడ్ సంతకాలు రెండు, గుండ్రటి ముద్ర ఉన్నాక కాదనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. రిజిస్టర్లో మృతి అన్న మాట కొట్టేసి, "యథాస్థితిలో ఉన్నది" అని రాశారు. పట్టా నిలిచింది.

"మరి అమ్మాయి సంగతి?" అన్నాను.

"అనాథల్లోంచి తీసేశారండి. అదో సంగతయిందండి. అనాథ పిల్లలకని స్కూల్లో సైకిళ్ళిచ్చారంటండి. దానికీ ఒకటిచ్చారంట. రేవు దాటేకా స్కూలు నాలుగు కిలోమీటర్లండి. నేను బాధపడతానని నాకు చెప్పలేదు. ఇప్పుడు నేను బతికే ఉన్నానని తేలింది కదండీ, సైకిలు వాపసు ఇచ్చెయ్యమన్నారంట."

కార్యాలయపు భాషలో చెప్పదగ్గ మాటలు రెండు మూడు నోటిదాకా వచ్చాయి. మింగేశాను.

"ఏడ్చిందా?"

"లేదండి. నేనూ అదే అడిగేను. ఎందుకేడుస్తాను అందండి. సైకిలు తుడిచి పట్టుకెళ్ళి ఇచ్చేసిందంట. వాపసు రిజిస్టర్లో సంతకం పెట్టి, కారణం కూడా రాయమన్నారంట హెడ్‌మాస్టారు."

"ఏం రాసింది?"

"అమ్మ ఉంది అని రాసిందంటండి."